హాస్టల్లో ఉంటూ టీబీ మందులు వాడిన ఆరు నెలలు

2025 జూలై 11, శుక్రవారం ఉదయం ఆరున్నరకు చివరి మాత్రలు మింగాను. ఖాళీ అయిన అట్టను చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. హాస్టళ్లలో ఉండి చదువుకునే వాళ్లకు ఇలాంటి జబ్బు వస్తే ఏ రోజు ఏం జరుగుతుందో నాకు ముందుగా చెప్పినవాళ్లు లేరు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను హనుమకొండలో ఎం.కాం. చదువుతున్నాను. మాది కోరుట్ల దగ్గర పల్లె. అమ్మ బీడీలు చుడుతుంది. బాపుకు ఎకరం పొలం. అన్న మస్కట్‌లో ఉంటాడు. వదిన, వాళ్ల మూడేళ్ల పాప మా ఇంట్లోనే ఉంటారు. పాప సంగతి ముందే ఎందుకు చెప్పానో తరువాత తెలుస్తుంది.

2024 నవంబరు చివర్లో దగ్గు మొదలైంది. చలికాలం, హాస్టల్లో సగం మంది దగ్గుతూనే ఉంటారు కనుక పట్టించుకోలేదు. డిసెంబరు 3న దగ్గరలోని ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లాను. ఫీజు 350, సిరప్, యాంటీబయాటిక్ కలిపి 420. తగ్గలేదు. డిసెంబరు 17న మళ్లీ వెళ్తే రక్త పరీక్షలకు 900, మందులకు 610, ఫీజు మామూలే. జనవరి 6న మూడోసారి వెళ్తే సిరప్ మార్చి, అలర్జీ అన్నారు. మొత్తం 3,760 రూపాయలు. అందులో రెండు వేలు మా గదిలో ఉండే స్నేహితురాలి దగ్గర అప్పు తీసుకున్నవి. మూడు సార్లలో ఒక్కసారి కూడా తెమడ పరీక్ష చేయించమని గానీ, ఛాతీ ఎక్స్‌రే తీయించమని గానీ అనలేదు. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోవాలని ఆరోగ్య కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ గోడ పక్కనుంచి నేను రోజూ కాలేజీకి నడిచి వెళ్లేదాన్ని.

సాయంత్రం కాగానే ఒళ్లు వెచ్చబడేది. రాత్రి చెమటకు తలగడ తడిసేది. నవంబరులో 49 కిలోలున్న నేను జనవరికి 42న్నరకు వచ్చాను. జనవరి 7 రాత్రి దగ్గితే చేతి రుమాలు మీద ఎర్రటి జీర కనిపించింది. రుమాలు మడిచి పుస్తకాల కింద పెట్టి, తెల్లవారే దాకా నిద్రపోలేదు.

మరునాడే సర్కారు దవాఖానకు వెళ్లి ఉండాల్సింది. వెళ్లలేదు. ఎందుకంటే అక్కడ రేషన్ కార్డు అడుగుతారని, అది లేకపోతే చూడరని నా మనసులో గట్టిగా నాటుకుపోయింది. ఇంటర్‌లో ఉన్నప్పుడు బాపుకు ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ జరిగితే ఆ కార్డు కోసం రెండు రోజులు తిరిగాం. ఆ జ్ఞాపకం అలాగే ఉండిపోయింది. కార్డు ఊళ్లో అమ్మ ట్రంకు పెట్టెలో ఉంది. సంక్రాంతికి ఎలాగూ వెళ్తాను కదా, తెచ్చుకుని చూపించుకుందాం అనుకున్నాను. నెత్తురు పడ్డాక కూడా పన్నెండు రోజులు అలా పోయాయి.

జనవరి 11న హనుమకొండ నుంచి కరీంనగర్, అక్కడి నుంచి జగిత్యాల మీదుగా ఇంటికి చేరాను. ఆడవాళ్లకు బస్సు ఉచితం కనుక సున్నా టికెట్టే. బస్సంతా పండగ జనం. చున్నీ అడ్డం పెట్టుకుని దగ్గుతూనే ఉన్నాను. ఇంట్లో అయిదు రోజులూ పాప నన్ను వదల్లేదు. అత్తా అత్తా అంటూ నా పక్కలోనే పడుకుంది, నా కంచంలోనే తిన్నది. నెత్తురు సంగతి అమ్మకు చెప్పలేదు. రేషన్ కార్డు మాత్రం స్కాలర్‌షిప్ పనికి కావాలని చెప్పి తెచ్చుకున్నాను.

జనవరి 20, సోమవారం. ఉదయం ఏడున్నరకే దవాఖాన ఓపీ వరుసలో నిలబడ్డాను. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రేషన్ కార్డు, ఆధార్, కాలేజీ గుర్తింపు కార్డు, మరో నాలుగు ఫొటోలు. తొమ్మిదింటికి కిటికీ తెరిచారు. నా వంతు వచ్చేసరికి తొమ్మిది నలభై. లోపలున్నాయన పేరు, వయసు, ఫోను నంబరు అడిగి చిట్టీ చేతిలో పెట్టాడు. అంతే. నేను కవరు విప్పబోతుంటే, ‘‘అవన్నీ ఎందుకమ్మా, పక్కకు జరుగు’’ అన్నాడు. ఆ మాట వినగానే నాకు ఏడుపు వచ్చింది. వెనకున్నామె నొప్పి ఎక్కువైందేమో అనుకుని కుర్చీ చూపించింది.

కార్డు విషయం ఇక్కడే స్పష్టంగా చెప్పాలి. ఓపీలో చూపించుకోవడానికి, టీబీ పరీక్షకు, టీబీ మందులకు రేషన్ కార్డు అక్కర్లేదు. ఆ కార్డుతో పని ఆరోగ్యశ్రీకి. 2023 డిసెంబరు 9న పది లక్షలకు పెంచింది ఆ పథకం పరిమితినే. అది ఆపరేషన్లకు, పెద్ద చికిత్సలకు. నేను ఈ రెండింటినీ ఒకటిగా కలిపేసుకుని కూర్చున్నాను. మా హాస్టల్లో అడిగి చూస్తే చాలామందికి నా అభిప్రాయమే ఉంది.

డాక్టరు గారు నేను చెప్పింది మొత్తం విన్నారు. ఎన్ని రోజుల దగ్గు అన్నప్పుడు యాభై రోజులు దాటిందన్నాను. ఆమె తల ఎత్తి చూసి, ‘‘ఇన్ని రోజులు ఎక్కడున్నావు బిడ్డా?’’ అన్నారు. ఎక్స్‌రే అక్కడే తీశారు, ఉచితంగా. కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ. తెమడకు రెండు డబ్బాలు ఇచ్చారు. ఒకటి అప్పుడే ఇవ్వాలి, రెండోది మరునాడు పొద్దున లేవగానే తీసిన తెమడతో తేవాలి.

ఆ రెండో డబ్బా గురించి ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతాను. హాస్టల్లో పొద్దున అయిదున్నరకు బాత్రూముల ముందు వరుస ఉంటుంది. అక్కడ గట్టిగా దగ్గి కళ్లె తీయడం కుదరదు. నాలుగున్నరకే లేచి మేడ మీదకు వెళ్లాను. నీళ్లతో నోరు పుక్కిలించి, లోపలి నుంచి ఊపిరి తీసి దగ్గాలి. ఉమ్మి వస్తే పనికి రాదు, చిక్కటి తెమడ కావాలి. మూడోసారికి వచ్చింది. మూత బిగించి, కవర్లో చుట్టి, బ్యాగులో నిలువుగా పెట్టుకుని ఆటోలో కూర్చున్నాను. పక్కన ఇద్దరు స్కూలు పిల్లలు. ఆటో ఊగినప్పుడల్లా బ్యాగును ఒళ్లో గట్టిగా పట్టుకున్నాను.

జనవరి 22 మధ్యాహ్నం ఫోను వచ్చింది. క్షయ అని తేలింది. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు లొంగే రకమే కనుక మామూలు ఆరు నెలల చికిత్స సరిపోతుందని చెప్పారు. ఆ రెండో వాక్యం ఎంత పెద్ద కబురో అప్పుడు నాకు తెలియదు. నాకు మొదటి వాక్యమే వినిపించింది. గ్రంథాలయం మెట్ల మీద కూర్చుండిపోయాను. ముందు గుర్తొచ్చింది పాప.

మరునాడు, గురువారం, టీబీ విభాగంలో రెండు గంటలు పట్టింది. బరువు చూశారు. సుగరు, హెచ్‌ఐవీ పరీక్షలు చేశారు. హెచ్‌ఐవీ అనగానే నా కాళ్లు వణికాయి. టీబీ వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆ పరీక్ష చేస్తారట. ఆ ముక్క ముందే చెబితే బాగుండేది. రెండూ లేవని గంటలో చెప్పారు. తరువాత నిక్షయ్ అనే ప్రభుత్వ పోర్టల్లో పేరు ఎక్కించారు. అక్కడ వచ్చింది అసలు ప్రశ్న: ‘‘అడ్రసు ఊరిది రాయాలా, హాస్టల్‌దా?’’ ఆధార్‌లో ఊరి చిరునామా ఉంది. నేను ఊరిదే చెప్పబోయాను. సూపర్‌వైజర్ ఆపాడు. ‘‘రాత్రి ఎక్కడ పడుకుంటావో అదే చెప్పమ్మా. మందులు అక్కడికే వస్తాయి’’ అన్నాడు. అలా హాస్టల్ దగ్గరున్న పట్టణ ఆరోగ్య కేంద్రానికి నా పేరు వెళ్లింది. ఊరి చిరునామా ఇచ్చి ఉంటే ప్రతి నెలా మాత్రల కోసం నాలుగు గంటల బస్సు ప్రయాణం చేయాల్సి వచ్చేది. చదువుకునే వాళ్లు ఈ ఒక్కటి మరిచిపోవద్దు.

నా బరువుకు రోజుకు మూడు మాత్రలు. నాలుగు మందులు ఒకే మాత్రలో కలిపి ఉంటాయి. మొదట 56 రోజులు అవి, తరువాత 112 రోజులు మూడు మందులున్న మాత్రలు. బరువు పెరిగి 50 దాటితే మాత్రల సంఖ్య కూడా పెరుగుతుంది. ఒకసారికి 28 రోజులవి చేతికిచ్చారు. ఒక్క రూపాయి అడగలేదు.

మొదటి రోజు మాత్రలు వేసుకున్నాక మూత్రం నారింజ రంగులో వచ్చింది. మళ్లీ నెత్తురే అనుకుని చెమటలు పట్టాయి. ఆరోగ్య కేంద్రం నర్సక్కకు ఫోను చేస్తే, అది మందు రంగేనని, భయపడవద్దని చెప్పింది. పరగడుపున వేసుకోవాలి కనుక మొదటి మూడు వారాలు రోజూ వాంతి వచ్చినట్టుండేది. హాస్టల్లో టిఫిన్ ఎనిమిదింటికి. ఆరున్నరకు మాత్రలు వేసుకుని ఆ గంటన్నర మంచం పట్టి పట్టుకుని కూర్చునేదాన్ని. ఫిబ్రవరి రెండో వారంలో వాంతులు ఎక్కువైతే కాలేయ పరీక్ష చేయించారు, అదీ ఉచితమే. ఫలితం బాగానే ఉంది. మోకాళ్లు, చీలమండలు ముసలమ్మ కాళ్లలా నొప్పి పుట్టేవి. నాలుగు మందుల మాత్రలు ఆపాక ఆ నొప్పి పోయింది.

జబ్బు కన్నా కష్టమైంది హాస్టల్. దాచిపెట్టాలన్న ఆలోచన నాకు వచ్చింది, కాదనను. కానీ మా గదిలో మరో ముగ్గురున్నారు. వాళ్ల ఊపిరి కూడా ఆ నాలుగు గోడల మధ్యే ఉంది. జబ్బు తేలిన రోజు రాత్రే చెప్పాను. ఒకమ్మాయి ఏమీ మాట్లాడకుండా దుప్పటి తీసుకుని పక్క గదికి వెళ్లిపోయింది. రెండో అమ్మాయి ఏడ్చింది. నాకు అప్పిచ్చిన స్నేహితురాలు కిటికీలు రెండూ తెరిచి, ‘‘మాస్కు వేసుకుని పడుకో. రేపు చూద్దాం’’ అంది. చలిలో ఆ కిటికీలు అలాగే తెరిచి పడుకున్నాం.

హాస్టల్ బాధ్యులు వెంటనే ఇంటికి వెళ్లిపొమ్మన్నారు, ఆరు నెలలు. ఇంట్లో మూడేళ్ల పిల్ల ఉంది, నేను వెళ్లను అన్నాను. జీవితంలో పెద్దవాళ్లకు అంత గట్టిగా ఎదురు చెప్పడం అదే మొదలు. సరైన మందులు మొదలుపెట్టాక సాధారణంగా రెండు వారాలకు ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుందని డాక్టరు గారు కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చారు. మా డిపార్ట్‌మెంట్ మేడమ్ ఆ కాగితం పట్టుకుని నాతో వచ్చి మాట్లాడారు. చివరకు పై అంతస్తులో పాత మంచాలు పెట్టే గది ఖాళీ చేసి ఇచ్చారు. పదిహేను రోజులు అందులో ఒక్కదాన్నే ఉన్నాను. భోజనం గుమ్మం దగ్గర పెట్టి తలుపు తట్టి వెళ్లేవారు. గిన్నెలు విడిగా పెట్టారు. గిన్నెల వల్ల ఈ జబ్బు రాదని, గాలి ద్వారా వస్తుందని చెప్పినా వినలేదు. ఆ స్టీలు పళ్లెం అంచు మీద ఎవరో గోరింట రంగు గోళ్ల పాలిష్‌తో గుర్తు పెట్టారు. ఇప్పటికీ ఆ రంగు చూస్తే నా కడుపులో తిప్పుతుంది.

ఇంటికి ఫోను చేయడానికి రెండు రోజులు పట్టింది. అమ్మ ముందు నమ్మలేదు. తరువాత, ‘‘నా తునికాకు దుమ్మే నీ రొమ్ముకు పట్టింది బిడ్డా’’ అని ఏడుపు అందుకుంది. ముప్పయ్యేళ్లుగా చేటలో ఆకు, తంబాకు పెట్టుకుని కూర్చున్న మనిషి. కాదమ్మా, ఇది క్రిమి వల్ల వచ్చేది అని ఎన్నిసార్లు చెప్పానో. వదిన ఒకే మాట అడిగింది: ‘‘పాప నీ పక్కలో పడుకుంది కదా?’’ కోపంగా అడగలేదు. కోప్పడినా బాగుండేది.

ఊళ్లో ఆశా కార్యకర్త వచ్చి ఇంట్లో అందరి వివరాలు రాసుకుంది. అమ్మకు, బాపుకు, వదినకు ఎక్స్‌రేలు తీశారు. ఎవరికీ ఏమీ లేదు. పాపకూ జబ్బు లేదని తేలింది. కానీ అయిదేళ్ల లోపు పిల్లలు రోగితో కలిసి ఉంటే, జబ్బు లేకపోయినా నివారణ మందు ఇస్తారు. ఆరు నెలలు, రోజూ ఒకసారి. నేను మింగినన్ని రోజులూ ఆ పిల్ల కూడా మింగింది. వదిన మాత్రను చెంచాలో నీళ్లతో కరిగించి బెల్లం ముక్క చేతిలో పెట్టి తాగిస్తుంటే వీడియో కాల్‌లో చూసేదాన్ని. పాప మొహం చిట్లించి, తాగేసి, ‘‘అత్తా, నువ్వు వేసుకున్నావా?’’ అని అడిగేది. పొద్దున నాకు మందు గుర్తు చేసింది ఆ మూడేళ్ల పిల్లే. ఇది రాస్తుంటే కూడా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

మా గదివాళ్ల పరీక్షల విషయంలో ఆరోగ్య కేంద్రం వాళ్లను ఒక్కటే బతిమాలుకున్నాను, హాస్టల్‌కు వచ్చి నా పేరు పిలవవద్దని. ఒప్పుకున్నారు. ముగ్గురూ కేంద్రానికే వెళ్లారు. పక్క గదికి వెళ్లిపోయిన అమ్మాయీ వెళ్లింది. ముగ్గురికీ జబ్బు లేదు.

డబ్బు సంగతి. చికిత్స సాగినన్నాళ్లు పోషణ కోసం కేంద్ర ప్రభుత్వం నెలకు వెయ్యి రూపాయలు ఇస్తుంది. 2024 అక్టోబరు వరకు అది అయిదు వందలే ఉండేది. మొదట మూడు వేలు, 84 రోజుల చికిత్స తరువాత మరో మూడు వేలు బ్యాంకు ఖాతాలో పడతాయి. నేనిచ్చింది ఇంటర్‌లో స్కాలర్‌షిప్ కోసం తెరిచిన ఖాతా. దానిలో రెండేళ్లకు పైగా లావాదేవీ లేక నిలిపేశారని డబ్బు రాకపోయేసరికి తెలిసింది. బ్యాంకుకు రెండుసార్లు తిరిగి, ఆధార్, ఫొటో ఇచ్చి బాగు చేయించుకున్నాను. మొదటి మూడు వేలు మార్చి 28న పడ్డాయి. రెండో విడత జూన్ 6న. మాత్రలు ఉచితమే కానీ తిండి ఉచితం కాదు. రోజూ రెండు గుడ్లు, అర లీటరు పాలు, అప్పుడప్పుడు పల్లీ పట్టీలు కలిపి నెలకు దాదాపు 1,700 అయ్యేది. బ్యాంకు పని మందులు మొదలైన రోజే చూసుకుంటే నాలాగా రెండు నెలలు అప్పు మీద గుడ్లు తినే అవసరం రాదు.

మార్చి 19తో మొదటి దశ అయింది. తెమడలో క్రిమి లేదు. బరువు 46. ఆ రోజు నర్సక్క నా చిట్టీ మీద రాసి, కలం మూసి, భుజం తట్టింది.

మే నెలలో మళ్లీ చిక్కు వచ్చింది. సెలవులకు ఊరికి వెళ్లాను. మే 14తో నా దగ్గరి మాత్రలు అయిపోతాయని లెక్క తెలుసు కనుక 12వ తేదీనే ఊరికి దగ్గరున్న కేంద్రానికి వెళ్లాను. నీ పేరు మా జాబితాలో లేదు, హనుమకొండ వెళ్లి తెచ్చుకో అన్నారు. పోర్టల్లో అక్కడి నుంచి ఇక్కడికి పేరు బదిలీ కావాలని నాకు తెలియదు, వాళ్లు చెప్పలేదు. 13, 14 తేదీల్లో మళ్లీ వెళ్లాను, అదే జవాబు. 15న మాత్రలు లేవు. మధ్యలో ఆపితే జబ్బు మొండిదవుతుందని మూడు నెలలుగా వింటున్నాను కదా, ఆ రోజంతా గుండె దడదడలాడుతూనే ఉంది. 1800-11-6666 అనే టీబీ సహాయ నంబరుకు ఫోను చేశాను. వివరాలు రాసుకుని ఫిర్యాదు నమోదు చేశారు. సాయంత్రం హనుమకొండ సూపర్‌వైజర్ నుంచి ఫోను. ‘‘సెలవులకు పోతున్నానని ఒక్క మాట చెబితే రెండు నెలలవి కట్టి ఇచ్చేవాణ్ని కదమ్మా’’ అన్నాడు. మే 17న మాత్రలు చేతికి వచ్చాయి. తప్పిన రెండు రోజులు చివర్లో కలిపారు. జూలై 9న పూర్తి కావాల్సింది 11కు వెళ్లింది అందుకే. సెలవులకు వెళ్లే ముందు, పరీక్షలకు మరో ఊరు వెళ్లే ముందు, కేంద్రంలో తప్పకుండా చెప్పి వెళ్లండి. ఒక్క ఫోను చాలు.

జూలై 14న చివరి తెమడ పరీక్ష, ఎక్స్‌రే జరిగాయి. క్రిమి లేదు. మచ్చ చాలావరకు మానింది, చిన్న గీత మాత్రం మిగులుతుందట. బరువు 49. పాప మందు కూడా ఆగస్టు మొదటి వారంలో అయిపోయింది. ఆ రోజు వదినే తనంతట తాను ఫోను చేసి, పాపను నా పక్కలో పడుకోబెట్టడానికి రాఖీ పండక్కి రమ్మంది. వెళ్లాను.

ఇక రెండేళ్ల పాటు ఆరు నెలలకొకసారి వెళ్లి చూపించుకోవాలి. మొదటిది 2026 జనవరిలో. సోమవారం జనం ఎక్కువ కనుక బుధవారమో గురువారమో వెళ్లాలనుకుంటున్నాను, ఏడున్నరకల్లా వరుసలో ఉండేట్టు. మా పై అంతస్తులో మొదటి సంవత్సరం అమ్మాయి ఒకామె మూడు వారాలుగా దగ్గుతోంది. రేపు ఆమెను వెంటబెట్టుకుని వెళ్తున్నాను. ఆధార్, ఫోను తెచ్చుకోమని చెప్పాను.